సైకిల్ మీద గల్లీలు, ఫోన్‌లో ఫొటోలు: పాతబస్తీ తిరిగేవాళ్ళకు పనికొచ్చే సంగతులు

కొత్త ఫోన్ కొన్న మొదటి వారం మనందరం చేసే పని ఒకటే. బాల్కనీలోంచి ఒక ఫొటో, పూలకుండీది ఒకటి, రాత్రిపూట వీధిదీపానిది ఒకటి. రెండో వారం నుంచి ఆ కెమెరా బిల్లులకీ క్యూఆర్ కోడ్‌లకీ మాత్రమే. 50 మెగాపిక్సెల్ సెన్సర్, మూడు లెన్సులు, ఓఐఎస్ ఉన్నాయని అంత డబ్బు పోసి కొన్న ఫోన్‌కి సరైన పని చెప్పాలంటే లడఖ్ వెళ్ళక్కర్లేదు. ఒక సైకిల్, ఆదివారం పొద్దున మూడు గంటల టైమ్, మీ ఊళ్ళో ఒక పాత పేట చాలు. నేను ఇక్కడ హైదరాబాద్ పాతబస్తీని ఉదాహరణగా తీసుకుంటున్నాను. రాజమండ్రి అయినా వరంగల్ అయినా లెక్కలు ఇవే.

సైకిలే ఎందుకు అంటే, ముందు గూగుల్ మ్యాప్స్ సంగతి చూద్దాం. స్ట్రీట్ వ్యూ మన దేశంలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2011లో బెంగళూరులో మొదలుపెడితే పోలీసులు ఆపేశారు. చివరికి 2022 జులైలో పది నగరాలతో వచ్చింది, అందులో హైదరాబాద్ కూడా ఉంది. కానీ అది కారు మీద బిగించిన కెమెరా. కారు పట్టని గల్లీలోకి అది రాలేదు. పాతబస్తీలో చూడాల్సిందంతా కారు పట్టని గల్లీల్లోనే ఉంది. అంటే ఈ రోజుకీ ఆ గల్లీలు ఎలా ఉన్నాయో చెప్పే ఫొటో ఎవరైనా ఫోన్ పట్టుకుని వెళ్ళి తీస్తేనే ఉంటుంది. పాత ఇల్లు కూలి దాని చోట నాలుగంతస్తుల బిల్డింగ్ లేచాక, "ఇక్కడ ఇంతకుముందు ఏముండేది?" అని అడిగితే పక్కింటివాళ్ళు కూడా తడుముకుంటారు.

స్కూటీ మీద కూడా వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్ళొచ్చు. కానీ బండి మీద ఉన్నప్పుడు ఆపబుద్ధి కాదు. వెనకాల హారన్, హెల్మెట్ తీయడం, స్టాండ్ వేయడం, తాళం. ఒక మంచి తలుపు కనిపించి, మనం అనుకునేలోపు ముప్పై మీటర్లు దాటిపోతాం. నడిస్తే అన్నీ కనిపిస్తాయి కానీ మూడు గంటల్లో రెండు పేటలు కూడా అవవు. సైకిల్ గంటకు 10 నుంచి 15 కిలోమీటర్లు. కాలు నేల మీద పెడితే ఆగిపోయినట్టే.

సైకిల్ గురించి ఒక్క మాట. గేర్లు ఎన్ని, ఫ్రేమ్ అల్యూమినియమా కార్బనా అనే చర్చ ఈ పనికి అనవసరం. మీకు కావాల్సింది సైడ్ స్టాండ్. స్పోర్ట్స్ సైకిళ్ళు చాలావాటికి స్టాండ్ రాదు, విడిగా కొని బిగించుకోవాలి. ప్రతి రెండు వందల మీటర్లకు ఒకసారి దిగేవాడికి ఆనించడానికి గోడ వెతుక్కోవడం కంటే విసుగు ఇంకోటి లేదు. పైగా ఆ గోడ ఎవరిదో అయి ఉంటుంది. కొంచెం వెడల్పు టైర్లు, ఒక బెల్లు ఉంటే ఇక చాలు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచింది, అది వ్యాయామానికి బాగుంటుంది. ఫొటోలకైతే అక్కడ కనిపించేది పైన ప్యానెళ్ళు, పక్కన కార్లే.

ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించొద్దు

ఆన్‌లైన్‌లో 300 రూపాయలకు దొరికే మొబైల్ హోల్డర్ చూసి చాలామంది మొదట కొనేది అదే. కొనేముందు ఓఐఎస్ అంటే ఏమిటో గుర్తుచేసుకోండి. కెమెరా లోపల లెన్స్‌నో సెన్సర్‌నో అయస్కాంతాల మధ్య తేలేలా అమర్చి, గైరోస్కోప్ చెప్పిన కదలికకు ఎదురు దిశలో దాన్ని జరుపుతుంటారు. అంటే మీ ఫోన్‌లో నిజంగా కదిలే చిన్న భాగం ఒకటుంది. 2021 సెప్టెంబరులో ఆపిల్ సపోర్ట్ పేజీలో ఒక హెచ్చరిక పెట్టింది: పెద్ద ఇంజిన్ ఉన్న మోటార్ సైకిళ్ళ హ్యాండిల్‌కు ఐఫోన్ బిగిస్తే ఆ వైబ్రేషన్‌కు కాలక్రమంలో ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చు అని. స్కూటర్లు, మోపెడ్ల విషయంలో కూడా వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడమంది.

సైకిల్‌కు ఇంజిన్ లేదు, నిజమే. కానీ సస్పెన్షన్ లేని ముందు ఫోర్క్, రాళ్ళు తేలిన గల్లీ, మూత పైకి లేచిన మ్యాన్‌హోల్... వీటి దెబ్బ నేరుగా హ్యాండిల్‌కే వస్తుంది. అందుకని నా లెక్కలో హోల్డర్ దండగ. దారి చూసుకోవడానికి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ కూడా వద్దు, గల్లీలో వెనక నుంచి వచ్చే ఆటో శబ్దం మీకు వినపడాలి. దిగినప్పుడు మ్యాప్ చూసుకుంటే సరిపోతుంది. తొక్కేటప్పుడు వీడియో కావాలంటే గోప్రో లాంటి యాక్షన్ కెమెరా బిగించండి. అందులో స్థిరీకరణ అంతా సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది, కదిలే లెన్స్ ఉండదు.

ఎండ ఇంకో కారణం. ఐఫోన్‌కు ఆపిల్ చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. మన మే నెల ఎండకు హ్యాండిల్ మీద ఎదురుగా పెట్టిన ఏ కంపెనీ ఫోన్ అయినా కాసేపట్లో స్క్రీన్ డిమ్ చేసేస్తుంది, ఇంకా వేడెక్కితే కెమెరా ఫ్లాష్ లాంటివి ఆపేస్తుంది. ఫోన్ ఉండాల్సిన చోటు నడుముకు కట్టే చిన్న బ్యాగ్, లేదా జిప్ ఉన్న జేబు. పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకునేలా పెట్టుకోండి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ సెట్టింగ్ ఉంది. వాల్యూమ్ బటన్‌ను షటర్‌గా వాడండి. వేళ్ళు చెమటతోనో వాన చినుకులతోనో తడిసినప్పుడు టచ్ స్క్రీన్ మొరాయిస్తుంది, బటన్ మొరాయించదు.

తొక్కుతూ తీస్తే ఏమవుతుంది? లెక్క వేద్దాం

"నా ఫోన్‌లో ఓఐఎస్ ఉంది, తొక్కుతూ తీసినా వణకదు" అనే నమ్మకం ఒకటుంది. ఓఐఎస్ సరిచేసేది చేతి వణుకుని, అంటే ఫోన్ అటూ ఇటూ వంగడాన్ని. మీరు మొత్తంగా ముందుకు వెళ్ళిపోతున్న కదలికను అది సరిచేయలేదు.

గంటకు 15 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 4.2 మీటర్లు. పక్కనున్న గోడ మీకు 5 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మెయిన్ లెన్స్‌లో (24 ఎంఎం సమానం) ఆ దూరంలో ఫ్రేమ్‌లో పట్టేది దాదాపు ఏడున్నర మీటర్ల వెడల్పు. 12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్ళు కాబట్టి, ఒక్కో పిక్సెల్ దాదాపు 1.9 మిల్లీమీటర్లు. పొద్దున్నే వెలుతురు తక్కువ ఉన్నప్పుడు ఫోన్ 1/60 షటర్ ఎంచుకుంటే ఆ సమయంలో మీరు 7 సెంటీమీటర్లు జరిగిపోతారు. అంటే దాదాపు 37 పిక్సెళ్ళ చెరుపు. గోడ మీద చేతిరాత బోర్డు ఉంటే అక్షరం చదవలేరు. 1/500కు పెంచినా ఇంకా నాలుగు పిక్సెళ్ళు పోతాయి. నైట్ మోడ్ అయితే చెప్పనక్కర్లేదు, అది చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, ప్రతి ఫ్రేమ్‌లో మీరు వేరే చోట ఉంటారు.

కాబట్టి దిగండి. రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, ఊపిరి వదిలి, అప్పుడు నొక్కండి. దీని మీద యాప్‌లు, ఫిల్టర్లు ఎన్ని చెప్పినా ఇంతకు మించిన సెట్టింగ్ నాకు తెలియదు. కదలిక కనిపించే ఫొటో కావాలంటే కూడా దిగే తీయండి: ప్రో మోడ్‌లో షటర్ 1/30 పెట్టి, మీ ముందు నుంచి వెళ్ళే రిక్షానో సైకిల్‌నో ఫోన్‌తో వెంబడించండి. బండి స్పష్టంగా, వెనక గోడలు గీతలుగా వస్తాయి. పట్టపగలు ఇది కుదరదు. చాలా ఫోన్లలో లెన్స్ అపర్చర్ మార్చలేం కాబట్టి 1/30కి ఫొటో తెల్లబారిపోతుంది. తెల్లవారుజామున లేదా దీపాలు వెలిగాక ప్రయత్నించండి.

దారి, వెలుతురు

నయాపూల్ దగ్గర మొదలుపెడితే బాగుంటుంది. మూసీకి దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద ఈ ఒడ్డుల్ని ఊడ్చేసింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నగరాన్ని మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. చార్మినార్ వైపు వెళ్తుంటే రెండు పక్కలా రాతి కమానులతో ఉండే పత్థర్‌గట్టీ ఆ బోర్డు పనే. మనం ఎప్పుడు వెళ్ళినా అక్కడ కనిపించేది బట్టల షాపులు, జనం. ఆదివారం ఆరింటికి షటర్లు మూసి ఉన్నప్పుడు వెళ్తే ఒక కమాను వెనక ఇంకో కమాను వరసగా కనిపిస్తాయి. ఇక్కడ 2ఎక్స్ వాడండి. 50 మెగాపిక్సెల్ సెన్సర్లలో 2ఎక్స్ అంటే చాలా ఫోన్లలో సెన్సర్ మధ్య భాగాన్ని నేరుగా వాడుకోవడమే, ఉత్తుత్తి జూమ్ కాదు. 0.5ఎక్స్‌తో తీస్తే అంచుల్లోని స్తంభాలు సాగిపోయి వంకరగా వస్తాయి. ఇరుకు గల్లీలో అల్ట్రావైడ్ తప్పదనిపిస్తే ఫోన్‌ను పైకి వంచకుండా నిటారుగా పట్టుకోండి, కింద మిగిలే నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు.

ముందుకు వెళ్తే చార్‌కమాన్, మధ్యలో గుల్జార్ హౌజ్, ఆ తర్వాత చార్మినార్. 1591 నాటి ఈ కట్టడం నాలుగు ముఖాలూ దాదాపు నాలుగు దిక్కులకు ఉంటాయి. ఇది ఫొటో తీసేవాళ్ళకు వరం. అందరూ పత్థర్‌గట్టీ వైపు నుంచి, అంటే ఉత్తరం నుంచి తీస్తారు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి అటునుంచి తీస్తే కట్టడం ముఖం నీడలో, ఆకాశం తెల్లగా వస్తుంది. పొద్దున అయితే తూర్పున సర్దార్ మహల్ వైపు వెళ్ళి అక్కణ్ణుంచి తీయండి, ఎండ మీ వీపు మీద ఉంటుంది. సాయంత్రం అదే పని లాడ్ బజార్ వైపు నుంచి. హైకోర్టుకి ఈ సూత్రం పనిచేయదు. నది వైపున్న దాని ముఖం ఉత్తరానికి ఉంది. సూర్యుడు ఉత్తరంగా ఉదయించే రోజుల్లో తప్ప దాని మీద నేరుగా ఎండ పడదు. సన్ సర్వేయర్, ఫొటోపిల్స్ లాంటి యాప్‌లలో ఏ రోజు ఏ టైమ్‌కి ఎండ ఎటునుంచి వస్తుందో ముందే చూసుకోవచ్చు.

చార్మినార్ దగ్గర సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళండి. ఆర్కియలాజికల్ సర్వే కట్టడాల్లో ఫోన్‌తో తీయడానికి ఇబ్బంది లేదు కానీ ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి. చాయ్ తాగి, లాడ్ బజార్ మీదుగా మహబూబ్ చౌక్ గడియార స్తంభం, అటునుంచి హుసేనీ ఆలం, పురానాపూల్ (చార్మినార్ కంటే పాతది, 1578 నాటిది), బేగంబజార్, మొజంజాహీ మార్కెట్. మొత్తం ఆరేడు కిలోమీటర్లకు మించదు. మూడు గంటల్లో పూర్తి చేయాలని తొందరపడొద్దు, లాడ్ బజార్ వెనక గల్లీల్లోనే పూట గడిచిపోయినా నష్టం లేదు. ఇరుకు గల్లీలకు మబ్బు పట్టిన రోజే మంచిది. ఎండ ఉంటే పైన సన్నటి ఆకాశం తెల్లగా కాలిపోయి, గోడలు నల్లగా వస్తాయి, ఎంత హెచ్‌డీఆర్ ఉన్నా సరే.

ఒక్కో గల్లీకి నేను చెప్పే పద్ధతి ఇది: మొదట్లో నిలబడి లోపలికి ఒకటి, చివర్లో నిలబడి వెనక్కి ఒకటి, మధ్యలో రెండు పక్కలకూ ఒక్కోటి. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు రావు. కానీ పదేళ్ళ తర్వాత విలువ వచ్చేవి ఇవే. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద తీసిన అద్భుతమైన ఫొటోలు మనకు ఉన్నాయి. ఆయన కెమెరా ఎక్కువగా చూసింది ప్యాలెస్‌లను, దొరలను, వేటలను. మామూలు గల్లీ ముందు ఆ బరువైన కెమెరా దించే అవసరం ఎవరికుంది? మన ఫోన్ బరువు రెండు వందల గ్రాములు. చేతిరాత సైన్‌బోర్డులు, ఉర్దూ తెలుగు పక్కపక్కన రాసినవి, చెక్క బాల్కనీలు, సున్నపు నగిషీలు, తలుపు గొళ్ళేలు... ఫ్లెక్సీ కింద కప్పబడకముందే తీసిపెట్టుకోండి. మన కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 52 ప్రకారం భవనాల ఫొటో తీయడం, ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదు.

మనుషుల సంగతి వేరు. గల్లీలో ఇంటి తలుపు నేరుగా దారిలోకే తెరుచుకుంటుంది, కాబట్టి మీకు దారిలా కనిపించేది వాళ్ళకు వాకిలి. తెరిచిన తలుపు లోపలికి కెమెరా పెట్టొద్దు. షాపాయన అయితే "భాయ్, ఏక్ ఫొటో లేలూం క్యా?" అంటే చాలు, పదిమందిలో ఎనిమిదిమంది జుట్టు సరిచేసుకుని నిలబడతారు. వద్దంటే వద్దే. ఆడవాళ్ళను, పిల్లలను అడగకుండా తీయడం అస్సలు వద్దు.

లొకేషన్: ఉండాలి, బయటికి పోకూడదు

ఏ గల్లీలో తీశారో తెలియని గల్లీ ఫొటో సగం ఫొటోనే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేయండి. అప్పుడు ప్రతి ఫొటో లోపల ఎగ్జిఫ్ సమాచారంగా అక్షాంశం, రేఖాంశం, టైమ్ చేరతాయి. ఐఫోన్ అయితే కెమెరా ఏ దిక్కుకు చూస్తోందో కూడా రాస్తుంది.

ఇరుకు గల్లీల్లో జీపీఎస్ తప్పుతుంది. ఉపగ్రహం సిగ్నల్ నేరుగా కాకుండా గోడలకు తగిలి వస్తే, ఫోన్ దూరాన్ని ఎక్కువగా లెక్కేసి మిమ్మల్ని పక్క గల్లీలో చూపిస్తుంది. ఎల్1తో పాటు ఎల్5 ఫ్రీక్వెన్సీ కూడా పట్టే ఫోన్లలో ఈ తేడా బాగా తగ్గుతుంది. 2018లో వచ్చిన షావోమీ ఎంఐ 8 ఈ డ్యుయల్ ఫ్రీక్వెన్సీతో వచ్చిన మొదటి ఫోన్. మన ఇస్రో నావిక్ కూడా ఎల్5 మీద పనిచేస్తుంది. ఫోన్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో ఎవరూ చూడని లైన్ ఇది, ఈ పని చేసేవాళ్ళు చూడండి. బ్యాటరీ కోసం ఫ్లైట్ మోడ్ పెట్టుకోవచ్చు, జీపీఎస్ ఆగదు. కాకపోతే నెట్ సాయం లేకుండా మొదటిసారి లొకేషన్ పట్టడం ఆలస్యం అవుతుంది, అందుకని ఇంటి దగ్గరే లొకేషన్ పట్టాక ఫ్లైట్ మోడ్ ఆన్ చేయండి. మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌గా ముందే దించుకోండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. అదే లొకేషన్ మీ ఇంటి ముందు తీసిన మొదటి ఫొటోలో కూడా ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఎగ్జిఫ్ పోతుంది, క్వాలిటీ కూడా పోతుంది. క్వాలిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపితే లొకేషన్ కూడా వెంట వెళ్ళిపోతుంది. మెయిల్‌లో, డ్రైవ్ లింక్‌లో కూడా అంతే. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్‌లో లొకేషన్ తీసేయొచ్చు, ఆండ్రాయిడ్‌లో మీ గ్యాలరీ యాప్‌లో అలాంటి ఆప్షన్ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. స్ట్రావాలో రూట్ రికార్డ్ చేస్తే మొదలు, చివర దాచే సెట్టింగ్ ఆన్ చేయండి. 2018 జనవరిలో స్ట్రావా హీట్‌మ్యాప్ చూసి వేరే దేశాల్లోని సైనిక స్థావరాల ఆకారాలు జనం గుర్తుపట్టేశారు. రోజూ ఒకే గేటు దగ్గర మొదలై అక్కడే ముగిసే గీత మీ ఇంటి అడ్రస్ కాక ఇంకేమిటి?

ఫొటోలు నలుగురికీ పనికిరావాలనుకుంటే మ్యాపిలరీ యాప్ ఉంది. మెటా కంపెనీదే, అందులో పెట్టిన వీధి ఫొటోలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళు మ్యాప్ గీయడానికి వాడుకుంటారు, ముఖాలనూ నంబర్ ప్లేట్లనూ అదే మసకబారుస్తుంది. కట్టడాల ఫొటోలకైతే వికీమీడియా కామన్స్ మంచి చోటు.

ఇంటికి వచ్చాక గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఒరిజినల్ క్వాలిటీలో ఉందో లేదో చూడండి. స్టోరేజ్ సేవర్‌లో ఉంటే 16 మెగాపిక్సెళ్ళకు మించినవి కుదించేస్తుంది. మంచి ఫొటోలకు ఒక కాపీ హార్డ్‌డిస్క్‌లో కూడా వేయండి. గల్లీ మొదట్లో తీసిన వాటిని విడిగా ఒక ఆల్బమ్‌లో పెట్టుకోండి, పేరుగా గల్లీ పేరు, నెల రాసుకోండి. మళ్ళీ సంవత్సరం అదే నెలలో వెళ్ళినప్పుడు ఆ ఆల్బమ్ తెరిచి, ఫ్రేమ్ ఎడమ అంచున ఏ కరెంటు స్తంభం ఉంది, కుడి అంచున ఏ కిటికీ తెగింది చూసుకుని అక్కడే నిలబడండి. అప్పుడు వాడిన లెన్సే, అదే 1ఎక్స్, మళ్ళీ వాడండి.